పార్ట్‌టైమ్ ఇన్నోవేషన్ ఎంబీఏ: సీటు వచ్చింది, చేరాలా వద్దా?

గోడమీదిపిల్లి
వయసు 34. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో, క్వాలిటీ విభాగంలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. పోయిన నెల పార్ట్‌టైమ్ ఎంబీఏకి అప్లై చేస్తే సీటు వచ్చింది. రెండేళ్ళ కోర్సు, మంగళ, గురువారాలు సాయంత్రం క్లాసులు, శనివారం విడిచి శనివారం పగలంతా. పేరులో ఇన్నోవేషన్ అని ఉంది, అది చూసే ఆశపడ్డాను. సీటు ఖాయం చేసుకోవడానికి ఇంకా పది రోజులే ఉంది, నాకేమో రోజురోజుకీ అనుమానం పెరుగుతోంది. వాళ్ళ బ్రోచర్ 24 పేజీలు, ఉండబట్టలేక లెక్కపెడితే ఇన్నోవేషన్ అనే మాట 61 సార్లు వచ్చింది. సబ్జెక్టులు చూస్తే అకౌంటింగ్, మార్కెటింగ్, ఫైనాన్స్, ఆపరేషన్స్, హెచ్ఆర్... చివర్లో ఇన్నోవేషన్ మీద రెండు ఎలెక్టివ్‌లు, ఒక ప్రాజెక్టు. మామూలు ఎంబీఏకే కొత్త చొక్కా తొడిగినట్టుంది. మా బాస్ "చెయ్యి, మంచిదే" అంటాడు కానీ మంగళవారం ఐదింటికి బ్యాగు సర్దుకుంటే ఏమంటాడో తెలీదు. ఇంట్లో మూడేళ్ళ పాప. చేసినవాళ్ళు, చేరి మానేసినవాళ్ళు, అసలు చేరకుండా హాయిగా ఉన్నవాళ్ళు, అందరూ చెప్పండి.

ముక్కుసూటి
వద్దు. కొత్తది కనిపెట్టే రకం అయితే ఫీజు కట్టి శనివారాలు క్లాసులో కూర్చోడు, ఆ శనివారాల్లోనే ఏదో ఒకటి కనిపెడతాడు. పైన పటారం లోన లొటారం ఈ కోర్సులు.

చివరిబెంచి
61 సార్లు లెక్కపెట్టావంటే నీకు క్వాలిటీ విభాగమే కరెక్టు. కదలకు.

సెకండ్‌షిఫ్ట్
మూడేళ్ళ కిందట పూర్తి చేశాను, ఇలాంటిదే. ముక్కుసూటి చెప్పిందాంట్లో సగం నిజం, కనిపెట్టడం ఎవరూ నేర్పరు. నాకు అక్కడ దొరికినవి రెండు. ఏ ఆలోచన మీద డబ్బు పెట్టొచ్చో తేల్చుకోవడం ఒకటి. పెట్టాక కుదరదని తెలిస్తే సిగ్గుపడకుండా ఆపేయడం రెండోది. ఈ రెండోది మా ఆఫీసులో ఒక్కరికీ చేతకాదు, నాలుగేళ్ళుగా నడుస్తున్న చచ్చిన ప్రాజెక్టులు మా దగ్గర మూడున్నాయి.

ఒక్క ఉదాహరణ చెప్తాను, కాస్త పొడుగు. రెండో సెమిస్టర్లో ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు: మీ ఆలోచన గురించి ఒక్క ముక్క కూడా బయటపెట్టకుండా, దాన్ని వాడబోయే 20 మందితో మాట్లాడి రండి అని. నా ఆలోచన ఏమిటంటే మెయింటెనెన్స్ టెక్నీషియన్లకి ఫోన్లో ఒక యాప్, ఏ మెషీన్లో ఏ భాగం ఎప్పుడు మార్చారో అందులో ఎక్కిస్తారు. మా డైరెక్టర్‌కి తెగ నచ్చేసింది కూడా. ఏడో మనిషి దగ్గరికి వెళ్ళేసరికి ఆయన కన్వేయర్ పక్కన కూర్చుని మోటారు మూత విప్పుతున్నాడు. బెల్టు ఎప్పుడు మార్చారో ఎలా గుర్తుంటుందండీ అని అడిగాను. మాట్లాడకుండా మూత తిప్పి చూపించాడు. లోపలి వైపు మార్కర్‌తో ఆరేళ్ళ తేదీలు, ఒకదాని కింద ఒకటి, మూడు రకాల చేతిరాతల్లో. ఒక తేదీ పక్కన "చప్పుడు, ఎడమ బేరింగ్" అని రాసుంది. ఆయన చేతులకి గ్లవ్స్, గ్లవ్స్ నిండా గ్రీజు. ఆ చేతులతో ఫోన్ తీసి యాప్ తెరుస్తాడని నేను ఎలా అనుకున్నానో నాకే తెలీదు. మిగిలిన 13 మందిలో తొమ్మిది మంది మూతలు అలాగే ఉన్నాయి.

యాప్ అక్కడికక్కడే పోయింది. చివరికి ప్రాజెక్టులో చేసింది ఇంతే: నెలకోసారి ఆ మూతలకి ఫొటోలు తీయడం, ఆ తేదీల నుంచి ఏ బెల్టు ఎన్నాళ్ళు వస్తోందో లెక్క కట్టడం. స్పేర్ల స్టాకు తగ్గింది. డైరెక్టర్‌కి అంత నచ్చలేదు, ఫొటోల్లో చూపించుకోవడానికి ఏమీ లేదు కదా.

ముక్కుసూటి
బాగుంది. కానీ ఆ మూతలు చూడ్డానికి ఎంబీఏ ఎందుకు, కళ్ళు తెరిస్తే చాలు.

సెకండ్‌షిఫ్ట్
చాలు. పదేళ్ళు ఆ మూతల పక్క నుంచే నడిచాను, తెరుచుకోలేదు.

లెక్కలమాస్టారు
టైం సంగతి ఎవరూ సూటిగా చెప్పరు, నేను చెప్తాను. ఎంబీఏ కోర్సులకి గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ సంస్థల్లో ఆంబా ఒకటి. వాళ్ళ నిబంధన ప్రకారం ఎంబీఏ అంటే కనీసం 1800 గంటల చదువు, క్లాసులు, సొంతంగా చదవడం, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు అన్నీ కలిపి. పార్ట్‌టైమ్ అని గంటలు తగ్గవు, సాగుతాయంతే. రెండేళ్ళంటే 104 వారాలు, అంటే వారానికి 17 గంటల పైన. సెలవులు, ఒంట్లో బాలేని వారాలు, ఆఫీసులో ఆడిట్ వారాలు తీసేసి 80 వారాలు మిగిలాయనుకో, 22న్నర గంటలు. ఈ అంకె తీసుకెళ్ళి ఇంట్లో చూపించాక నిర్ణయం తీసుకో.

గోడమీదిపిల్లి
మాస్టారూ, గుండె జారింది. సాయంత్రాలు మూడేసి గంటలు అంటే ఆరు, శనివారం ఏడు గంటల్ని రెండు వారాలకి పంచితే మూడున్నర. మొత్తం తొమ్మిదిన్నర. మిగిలిన 13 ఎక్కణ్ణుంచి తేవాలి?

సగంగది
ఆ 13 ఎక్కణ్ణుంచి వస్తాయో నేను చెప్తాను, ఇంట్లో ఇంకొకరి గంటల్లోంచి. మా ఆయన చేశారు ఈ చదువు. మొదటి సెమిస్టర్ అంతా ప్రతి ఆదివారం "ఇంకో గంట" అనే మాట వింటూ గడిచిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళ క్యాలెండర్ ప్రింట్ తీసి బీరువా తలుపుకి అంటించాం. ఆయన సబ్మిషన్ తేదీలు ఎర్ర పెన్నుతో, నా ఆఫీసు టూర్లు నీలం పెన్నుతో. రెండూ ఒకే వారంలో పడ్డ చోట్ల ముందే కూర్చుని కొట్లాడుకున్నాం, ఆ రోజు వచ్చాక కొట్లాడుకోవడం కన్నా అదే నయం. బాబుకి నాలుగేళ్ళప్పుడు వాడు నాన్న బొమ్మ గీస్తే ల్యాప్‌టాప్ వెనక నుంచి జుట్టు మాత్రమే కనిపిస్తోంది. ఆయన ఆ బొమ్మ ఇప్పటికీ పర్సులో పెట్టుకుంటారు. మీ ఆవిడ అభిప్రాయం మీ పోస్టులో ఎక్కడా లేదు, గమనించారా?

గోడమీదిపిల్లి
గమనించలేదు అక్కా. నిజం చెప్పాలంటే ఇప్పుడు గమనించాను.

చివరిబెంచి
టైంలో సగం గ్రూపు వర్కే తినేస్తుంది, అది ఎవరూ రాయలేదేంటి. అయిదుగురం, అయిదు రకాల షిఫ్టులు. మీటింగ్ ఎప్పుడు పెట్టాలో తేల్చుకోవడానికి పెట్టిన మీటింగ్ నాలుగుసార్లు వాయిదా పడింది. రోజర్స్ అనే ఆయన 1962లో కొత్తదాన్ని అందుకునే జనాన్ని అయిదు ముక్కలు చేశాడు కదా, ముందు 2.5 శాతం, తర్వాత 13.5, ఆపైన 34, 34, ఆఖర్న 16 శాతం వెనకబడ్డవాళ్ళు. అసైన్‌మెంట్ అప్‌లోడ్ చెయ్యడంలో ఆ ఆఖరి 16 శాతం మా గ్రూపులో నేనొక్కణ్ణే మోశాను.

ముక్కుసూటి
ఎక్కడికెళ్ళినా అవే నాలుగు కథలు కదా. కోడాక్ వాళ్ళే డిజిటల్ కెమెరా కనిపెట్టి, వాళ్ళే అటకెక్కించి, వాళ్ళే మునిగిపోయారు. ఇది వినడానికి ఎంబీఏ అక్కర్లేదు.

పాతరీలు
ఆ కథ అంత సులువు కాదు బ్రో. 1975లో కోడాక్‌లో స్టీవ్ సాసన్ చేసిన కెమెరా మూడున్నర కిలోల పైన బరువు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు, అదీ 100 చుక్కలు అడ్డం 100 చుక్కలు నిలువు, నలుపు తెలుపు. దాన్ని ఆ రోజే షాపులో పెట్టినా కొనే నాథుడు లేడు. తర్వాత కోడాక్ డిజిటల్‌లో బోలెడు డబ్బు పోసింది, 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానం దానిదే. అయినా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఎందుకు? లాభమంతా ఫిల్మ్ రీళ్ళలో, వాటిని కడగడంలో, ప్రింటు కాగితంలో ఉండేది. కెమెరా అమ్మితే మిగిలేది నామమాత్రం, ఆ కెమెరాని కూడా ఫోన్లు మింగేశాయి. అదే ఫ్యూజీఫిల్మ్ చూడు, వాళ్ళ ఫిల్మ్ వ్యాపారం కూడా అలాగే కూలింది, కానీ ఫిల్మ్ కోసం నేర్చుకున్న రసాయనాల పనితనం తీసుకెళ్ళి ఎల్‌సీడీ తెరల లోపలి పొరల్లో, చర్మానికి రాసుకునే క్రీముల్లో పెట్టారు.

మంచి ప్రొఫెసర్ దొరికితే ఈ రెండు కంపెనీల లాభనష్టాల పట్టికలు పక్కపక్కన పెట్టి, 1998లో మీరు కుర్చీలో ఉంటే ఏం చేసేవాళ్ళు అని గంటన్నర కొట్టుకోమంటాడు. అలాంటి క్లాసు ఒక్కటి చాలు. దొరక్కపోతే "మారండి లేదా చావండి" అని ఒక స్లైడ్ వేసి ఇంటికి పంపిస్తాడు. పిల్లీ, డెమో క్లాసు ఉందేమో కనుక్కో, ఏ రకమో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ముక్కుసూటి
2005 సంగతి నాకు తెలీదు. సరే, కోడాక్ వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది తీసుకోవట్లేదు.

కొత్తమొలక
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ, పార్ట్‌టైమ్ ఎంబీఏ, ఇన్నోవేషన్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్సీ... ఇవన్నీ ఒకటేనా?

లెక్కలమాస్టారు
ఒకటి కాదు. ఎంబీఏ అనే డిగ్రీ హార్వర్డ్‌లో 1908లో మొదలైంది. ఉద్యోగంలో పైకి వచ్చినవాళ్ళ కోసం ఎగ్జిక్యూటివ్ రకం షికాగోలో 1943లో వచ్చింది, మామూలుగా పదేళ్ళు అటూ ఇటూ అనుభవం ఉన్నవాళ్ళు, మనుషుల్ని నడిపించేవాళ్ళు అందులో ఉంటారు. పార్ట్‌టైమ్ ఎంబీఏలో వయసులు, అనుభవాలు కలగాపులగం. ఇన్నోవేషన్ ఎంఎస్సీలో ఫైనాన్స్, హెచ్ఆర్ లాంటివి తక్కువ, కొత్త వస్తువు తయారీ, పేటెంట్లు, డిజైన్, టెక్నాలజీ ఎంపిక లాంటివి ఎక్కువ. పిల్లిగారు సబ్జెక్టుల పట్టిక చూసి నిరాశపడ్డారు కదా, ఆయనకి కావలసింది ఎంఎస్సీ ఏమో కూడా ఒకసారి ఆలోచించుకోవాలి. కానీ ఒక మాట, అకౌంటింగ్‌ని అంత తీసిపారేయకండి. కొత్త ఆలోచనలు ఎక్కువగా ఆగిపోయేది ఫైనాన్స్ వాళ్ళ బల్ల దగ్గరే, వాళ్ళ భాష రాకపోతే ఎందుకు ఆగిందో కూడా మనకి అర్థం కాదు.

అట్టపెట్టె
అందరూ టైం గురించే మాట్లాడుతున్నారు, కాగితాల గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు. పిల్లిగారూ, ఫీజు మీరు కడుతున్నారా, కంపెనీ కడుతోందా? నాకు సగం కంపెనీ కట్టింది, దానికి చదువు అయ్యాక రెండేళ్ళు అక్కడే ఉండాలని బాండ్. సంతకం పెట్టేటప్పుడు రెండేళ్ళు ఒక లెక్కా అనుకున్నాను. నా ప్రాజెక్టు, వెనక్కి తిప్పి పంపే వస్తువుల కోసం చాలాసార్లు వాడుకోగలిగే పెట్టె. మడత పెడితే చదునుగా అయిపోతుంది, టేపు అక్కర్లేదు, ఒక నాలుక లాంటి ముక్క గాడిలో దూరి టక్‌మని బిగుసుకుంటుంది. ఆ టక్ శబ్దం వచ్చేవరకు 31 నమూనాలు కోశాను, వేళ్ళకి ఇప్పటికీ కత్తి గాట్లున్నాయి. ప్రొఫెసర్ చూసి, కొత్త కంపెనీలకి చోటిచ్చి నిలబెట్టే యూనివర్సిటీ ఇంక్యుబేటర్లో పెడదాం అన్నారు. అక్కడ మొదలైంది. నా ఉద్యోగ ఒప్పందంలో, పనికి సంబంధించి నేను చేసిన ఏ ఆలోచన అయినా కంపెనీదే అని ఒక పేరా ఉందట. నమూనాలు కోసింది యూనివర్సిటీ ల్యాబులో కాబట్టి వాళ్ళ ఫారంలో ఇంకో పేరా. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఎనిమిది నెలలు మాట్లాడారు. ఈలోగా మా కంపెనీలో ఆ విభాగమే ఎత్తేశారు. ఇప్పుడు నాది అని చెప్పుకోవడానికి ఇక్కడ పెట్టుకున్న ఈ పేరొక్కటే మిగిలింది.

చేరేముందే మీ ఒప్పందంలో ఆ పేరా ఉందేమో చూసుకోండి. కంపెనీ డేటా ప్రాజెక్టులో వాడతానని ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, రిపోర్టు బయటికి రాకుండా కొన్నాళ్ళు ఆపి ఉంచే వీలు యూనివర్సిటీలో ఉందా అడగండి. మీది వైద్య పరికరాలు, రోగుల వివరాలు ఉంటే ఇంకా జాగ్రత్త.

చివరిబెంచి
అక్కా, ఇంతకాలం మీరు ఇల్లు మారుతున్నారేమో, అందుకే ఆ పేరు అనుకున్నాను.

మధ్యలోదిగినోడు
నేను ఏడాదికే దిగిపోయాను, సిగ్గేమీ లేదు. రాత్రి రెండింటికి సర్వర్ల పని, పొద్దున తొమ్మిదికి ప్రెజెంటేషన్, ఒకరోజు స్లైడ్ ముందు నిలబడే నిద్రపోయాను, ఎవరో దగ్గితే లేచాను. దిగేముందు తెలుసుకున్న విషయం: బ్రిటన్ పద్ధతిలో నడిచే కోర్సుల్లో పూర్తి మాస్టర్స్‌కి 180 క్రెడిట్లు, 120 దగ్గర ఆగితే పీజీ డిప్లొమా, 60 దగ్గర ఆగితే పీజీ సర్టిఫికెట్. నా చేతిలో ఆ 60ల కాగితం ఉంది. చేరేముందే అడగాల్సింది ఇదే, మధ్యలో దిగితే ఏమొస్తుంది, ఒక సెమిస్టర్ ఆపి మళ్ళీ ఎక్కనిస్తారా, మొత్తం ఎన్నేళ్ళలోపు ముగించాలి. అడ్మిషన్ ఆఫీసువాళ్ళు ఈ ప్రశ్నకి మొహం అదోలా పెడతారు, పెట్టనీ.

వేదికకాపలా
ఫీజుల అంకెలు, కాలేజీల పేర్లు పెట్టి దెబ్బలాట వద్దని మళ్ళీ గుర్తు చేస్తున్నాను. రెండు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్ళకి తెలుసు.

ఇంటర్వ్యూబల్ల
బల్లకి అవతలి వైపు కూర్చునేదాన్ని, నా మాట కూడా వినండి. రెజ్యూమేలో ఇన్నోవేషన్ అనే మాట చూసి నేను ఎవర్నీ పిలవను, చూసి పక్కనా పెట్టను. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా లాంటి గుర్తింపు ఉందా అని ఒక చూపు చూస్తాను, అంతే. పిలిచాక ఒకే ప్రశ్న వేస్తాను, మీరు మొదలుపెట్టి మీరే ఆపేసిన పని ఒకటి చెప్పండి అని. సెకండ్‌షిఫ్ట్ గారి మూతల కథ లాంటిది చెప్పేవాళ్ళు పదిమందిలో ఒక్కరు ఉంటే గొప్ప. మిగతావాళ్ళు డిజైన్ థింకింగ్, అంటే వాడేవాళ్ళ అవసరం నుంచి మొదలుపెట్టే పద్ధతి, దాని దశలు అప్పజెప్తారు. ఇంకోటి, డిగ్రీ చేతికి రాగానే వేరే కంపెనీ ఎగరేసుకుపోతుందని అనుకోకండి, నేను చూసినంతలో ఎక్కువమంది ఉన్న కంపెనీలోనే పక్క విభాగానికి మారారు, అది కూడా చదువు మధ్యలోనే.

గోడమీదిపిల్లి
వారం రోజులకి తిరిగొచ్చాను. ఇంట్లో 22న్నర గంటల కాగితం చూపించాను. ఆవిడ నవ్వి, ఇంకో కాగితం మీద తన వారం రాసి పక్కన పెట్టింది. ఆ రెండు కాగితాల గురించి ఇక్కడ రాయను.

డెమో క్లాసుకి వెళ్ళాను. ముందు పాత ప్రాజెక్టుల పట్టిక అడిగాను, 22 పేర్లు పంపారు. 13 "డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ వ్యూహం" అనే రకం, ముక్కుసూటి అన్నా, నువ్వే గుర్తొచ్చావు. క్లాసు మాత్రం వేరేగా ఉంది. హార్వర్డ్ ప్రొఫెసర్ క్రిస్టెన్సెన్ చెప్పిన డిస్రప్షన్ గురించి, అంటే చిన్న కంపెనీ వచ్చి పెద్దదాన్ని పడగొట్టడం. కొత్త టెక్నాలజీ అయినంత మాత్రాన డిస్రప్షన్ కాదని, పెద్ద కంపెనీ పట్టించుకోని చిన్న కస్టమర్ దగ్గర, చౌకగా, నాసిగా మొదలై మెల్లగా పైకి పాకడమే అసలు సంగతని క్లాసు తీసుకున్న ప్రొఫెసరమ్మ పావుగంటలో చెప్పి, చాక్‌పీసు కింద పెట్టి అడిగింది: "మీ కంపెనీలో ఎవరి ఫిర్యాదుని మీరు చదవకుండానే మూసేస్తారు?"

నాకు చెమట పట్టింది. ఫిర్యాదులు మూసేది నేనే. నెలకి 40 దాకా వస్తాయి, వాటిలో చిన్న క్లినిక్‌ల నుంచి వచ్చేవి దాదాపు అన్నీ ఒకే డ్రాప్‌డౌన్‌లో పడేస్తాను, "వాడకంలో పొరపాటు" అని. మరుసటి రోజు ఆఫీసులో పాతవి తెరిచి చూశాను. ఒకే బటన్‌ని తప్పుగా నొక్కారని ఏడు వేర్వేరు చోట్ల నుంచి, రెండేళ్ళలో. ఏడింటికీ కింద నా పేరే.

ముక్కుసూటి
చూశావా, ఫీజు కట్టకుండానే పని మొదలైపోయింది. ఇక చేరడం దేనికి?

సెకండ్‌షిఫ్ట్
ఆ ప్రశ్న ఎవరో అడిగాకే కదా తెరిచి చూసింది. పిల్లీ, ఆ ఏడూ పట్టుకుని వెళ్ళు, నీ ప్రాజెక్టు అదే. ఏడుగురికీ ఫోన్ చెయ్యి, బటన్ మాట మాత్రం నువ్వు ఎత్తకు.

అట్టపెట్టె
ఫోన్ చేసేముందు అనుమతి. రాతపూర్వకంగా. నా వేళ్ళ మీద ఒట్టు.

పాతరీలు
22లో మిగిలిన తొమ్మిది ఏమిటో చెప్పనేలేదు.

గోడమీదిపిల్లి
నాలుగు స్టార్టప్ ప్లాన్లు, మూడు పూర్తిగా సర్వేలు. రెండు మాత్రం సొంత ఆఫీసులో దిగి చేసినవి. ఆ ఇద్దరి వివరాలు అడిగితే ఒకరితో మాట్లాడించారు. ఆవిడ చెప్పింది కూడా దాదాపు సెకండ్‌షిఫ్ట్ చెప్పిందే, కాకపోతే గ్రూపు వర్క్ గురించి చివరిబెంచి కన్నా ఘాటుగా చెప్పింది.

సగంగది
బాస్ సంగతి?

గోడమీదిపిల్లి
నోటితో అడిగితే "చూద్దాంలే" అన్నాడు. అట్టపెట్టెగారి మాట గుర్తొచ్చి మెయిల్ పెట్టాను. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడే జవాబొచ్చింది, ఫిర్యాదుల డేటా పేర్లు తీసేసి వాడుకోవచ్చు, మంగళవారాలు ఐదింటికి వెళ్ళొచ్చు, గురువారాలు మాత్రం కుదరదు, ఆ రోజు రివ్యూ మీటింగ్ అట. గురువారం సబ్జెక్టు శనివారం బ్యాచ్‌తో కూర్చోనిస్తారా అని అడ్మిషన్ ఆఫీసుకి రాశాను. రేపటిలోగా చెప్తామన్నారు, ఎల్లుండి ఆఖరి రోజు.

చివరిబెంచి
గురువారం సబ్జెక్టు ఏంటి?

గోడమీదిపిల్లి
అకౌంటింగ్.

చివరిబెంచి
మీ బాస్ దేవుడు.